సరస్సు తాగిన వెండి

సిల్వర్ నైట్రేట్ సీసా అడుగంటిన రోజు మా సార్ దాన్ని తలకిందులుగా పట్టుకుని అడుగున అరచేత్తో నాలుగు తట్లు తట్టారు. ఆవకాయ జాడీ ఖాళీ అయ్యేటప్పుడు మా అత్తమ్మ కూడా అలాగే తడుతుంది. జాడీలోంచైతే ఇంకో ముద్దకు సరిపడా ఏదో ఒకటి రాలుతుంది. సీసాలోంచి ఏమీ రాలలేదు.

"ఆర్డరు పెట్టి ఎన్నాళ్లయింది?" అని అడిగారు సార్.

"రెండు నెలలు దాటింది సార్. ఫోన్ చేస్తే వెండికి కొరతగా ఉంది, సరుకు రాగానే పంపుతాం అంటున్నారు."

"ఈ మాట పోయిన నెల కూడా చెప్పారు."

"అవును సార్. అదే గొంతు, అదే మాట."

మాది కోట ఊరికీ సముద్రానికీ మధ్యన, రొయ్యల గుంటల నడుమ ఉన్న చిన్న పరిశోధన కేంద్రం. మూడు గదులు, ఒక వరండా. పగలంతా గుంటల్లో నీళ్లకు గాలి పట్టిస్తూ తిరిగే ఏరేటర్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. మనుషులం కూడా ముగ్గురమే. గోదావరి వైపు నుంచి వచ్చిన మా సార్, ఆయన కింద పనిచేసే నేను, మా ఇద్దరికీ కావలసినవన్నీ చూసే అటెండరు అన్న. అన్న ఊరు పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న జాలర్ల కుప్పం. వాళ్లింట్లో అందరూ వేటకు పోయేవాళ్లే. ఆయన ఒక్కడే ఉద్యోగంలో చేరాడు. చేరాడన్న మాటే గాని వారానికోసారి మమ్మల్ని పడవలో సరస్సు మీదికి తీసుకుపోయేది ఆయనే కాబట్టి, వేట మానేశానని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. "మీరు నీళ్లు పట్టేదానికి వస్తారు, మా నాయన చేపలు పట్టేదానికి వచ్చేవోడు, అంతే గదా తేడా" అనేవాడు.

సరస్సు ఉత్తరపు కొసన పన్నెండు చోట్ల నీళ్లు పట్టుకొచ్చి, అందులో ఉప్పెంతుందో కొలవడం మా పని. ఉప్పు కొలిచే మీటరు ఒకటి ఉండేది. ఉప్పుగాలికి అందరికన్నా ముందు అదే పాడైంది. సార్‌కి దాని మీద పెద్ద బెంగ కూడా లేదు. పాత రికార్డులన్నీ వెండితో కొలిచినవే కాబట్టి మనమూ వెండితోనే కొలవాలంటారు. ఆ పద్ధతి చూడ్డానికి అందంగా ఉంటుంది. నీళ్లలో పొటాషియం క్రోమేట్ రెండు చుక్కలు వేస్తే నీళ్లు పసుపుపచ్చగా అవుతాయి. అందులో సిల్వర్ నైట్రేట్ ద్రావణం బొట్టుబొట్టుగా వదులుతుంటే విరిగిన పాలలాగా తెల్లగా తరకలు కడుతుంది. ఉప్పులోని క్లోరైడు అంతా వెండితో కలిసిపోయాక ఇంకొక్క బొట్టు పడిందంటే, పచ్చనివి కాస్తా ఇటుకరంగుకు తిరుగుతాయి. అక్కడ ఆపేసి, ఎంత ద్రావణం పట్టిందో చూసుకుని ఉప్పు లెక్క కట్టాలి. నీళ్లు ఎంత ఉప్పనైతే అంత వెండి తాగుతాయి. ఎండాకాలంలో సరస్సు చిక్కబడిపోతుంది. సరిగ్గా అప్పుడే మా సీసా ఖాళీ అయింది.

సార్ సీసాను బల్ల మీద పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. అన్న వాకిట్లోంచే అన్నాడు.

"వెనక రూములో జాడీలుండాయి గదా సార్. అందులో వెండే గదా ఉండేది?"

సార్, నేను ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

వెనక గది అంటే విరిగిన కుర్చీలు, పనిచేయని ఫ్రిజ్జు. ఆ ఫ్రిజ్జు వెనకాల, గోడ వారగా, పదమూడు గాజు జాడీలు మూతలు బిగించి ఉన్నాయి. ప్రతిదాని మీదా అంటించిన కాగితంపై పెన్సిలుతో 'పారేయవద్దు' అని రాసి ఉంది. లోపల అడుగున నేరేడుపళ్లు తిన్న నాలుక రంగులో మడ్డి, పైన పచ్చటి నీళ్లు. నాకన్నా ముందు ఈ పని చేసి రిటైరైపోయిన పెద్దాయన వాటిని దాచి వెళ్లాడు. నేను చేరిన కొత్తలో చూసి, ఎవరివో ఏమిటో అని ముట్టుకోకుండా వదిలేశాను.

"లోపలేముందో రాసినవాడే చెప్పాలి. అడక్కుండా ఒక్క మూత కూడా తీయొద్దు" అన్నారు సార్.

పెద్దాయన బుచ్చిరెడ్డిపాలెం దగ్గర తన పొలం చూసుకుంటూ ఉన్నాడు. ఫోన్ చేస్తే వెనకాల ట్రాక్టరు చప్పుడు.

"నేనే పెట్టినానమ్మా. పదమూడు. ఉండాయా ఇంకా?" ఆయన గొంతులో, దూరాన చదువుతున్న పిల్లల క్షేమం విన్నంత సంతోషం.

"ఉన్నాయి సార్. ఇంత జాగ్రత్తగా దాచారు, వెండి తిరిగి తీయాలనేనా?"

"వెండా? అందులో వెండుండాదని తెల్సు గాని, దాని కోసం కాదు. పారెయ్యాలంటే ఒక ఫారం నింపాల. ఆ ఫారం పంపించమని రాస్తే, ఫారం కావాలని ఇంకో ఫారం నింపి పంపమన్నారు. ఆ రెండోది నాకు రిటైరయ్యేదాకా దొరకలా."

"కాలవలో పోసేయకుండా మంచి పని చేశారు."

"కాలవ యాడికి పోతాది? వాగులోకి. వాగు యాడికి పోతాది? సరస్సులోకి. ఆ నీళ్లు మళ్లా పట్టుకొచ్చి కొలవాల్సింది ఎవురు? నేనే గదా! నేను పోసిన విషాన్ని నేనే కొలుచుకునేదానికి నాకేమన్నా పిచ్చా?"

అంతలోనే గొంతు తగ్గించి, లోపలున్నవేమిటో, మడ్డిలోంచి వెండిని ఎట్లా విడదీయాలో పూసగుచ్చినట్టు చెప్పాడు. చివర్న, "అమోనియా మాత్రం దాని దగ్గరికి రానీయబాకమ్మా. వెండీ అమోనియా కలిపి నిలవ పెడితే పేలతాది. మిగిలిందంతా ఓపికే" అన్నాడు.

సార్ ఒక తెల్లకాగితం మీద నిబంధనలు రాసి గోడకు అంటించారు. గ్లౌజులు, కళ్లద్దాలు, పొగలు లాగేసే ఫ్యూమ్‌హుడ్. ఈ మూడింటిలో ఏది లేకపోయినా పని ఆపెయ్యాలి. అన్న ఆ కాగితం చదివి, "వంటింట్లో ఆడోళ్లకి ఇట్టాంటి కాగితం అంటించేవోడు లేకపాయె" అన్నాడు.

మొదటి రెండు రోజులూ కడగడంతోనే సరిపోయింది. మడ్డిని నైట్రిక్ యాసిడ్‌తో కలిపి, ఉప్పునీళ్లు పోసి, వెండినంతా తెల్లటి ముద్దగా అడుక్కి దించాం. పైన తేలిన పచ్చనీళ్లలో క్రోమియం ఉంటుంది. అది పెద్ద విషం. దాన్ని ఒక్క చుక్క కూడా వదలకుండా ప్లాస్టిక్ క్యానుల్లోకి వంపాం. వంపేటప్పుడు అన్న ఊపిరి బిగబట్టేవాడు. ముద్దను కడిగి, వంపి, మళ్లీ కడిగి, మళ్లీ వంపాం. మూడో రోజుకు నా నడుము పట్టేసింది.

"ఇది వెండంటే మా కుప్పంలో అడుసంతా బంగారమే" అన్నాడు అన్న, బకెట్లో వెలుతురు తగిలి బూడిదరంగుకు తిరిగిన ముద్ద చూసి.

ఇక కావలసింది కాస్టిక్ సోడా, గ్లూకోజు. సోడా ఉంది. మా ల్యాబ్ గ్లూకోజు సీసా తెరిచి చూస్తే గట్టిపడి రాయిలాగా ఉంది. చెంచాతో కొడితే చెంచా వంగింది. అన్న తన సంచీలోంచి ఒక గ్లూకోజు పొట్లం తీశాడు. ఎండలో పడవ మీద తాగడానికి ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటుంది. సార్ దాన్ని వెలుతురులోకి పట్టుకుని చదివారు.

"నారింజ రుచి."

"బాగుంటాది సార్."

"మనం తాగడానికి కాదు. రుచీ రంగూ లేనిది కావాలి."

ఆ ఎండలో అన్న బండి వేసుకుని కోటలో మందుల అంగడికి పోయి మామూలు గ్లూకోజు తెచ్చాడు. తెచ్చి, "వెండికి చప్పిడి పథ్యం పెట్టినారు" అన్నాడు.

ముద్దలో సోడా ద్రావణం పోసి వేడి చేస్తూ గ్లూకోజు కొంచెం కొంచెంగా వేశాను. ముందు నల్లబడింది. మాడిపోయిందనుకున్నాను. కలుపుతూనే ఉన్నాను. కాసేపటికి నలుపు విరిగి, పొయ్యిలో బూడిదలాగా లేతబూడిదరంగు పొడి అడుక్కి దిగింది. కడిగాం, వడగట్టాం, ఆరబెట్టాం. ముగ్గురం చుట్టూ నిలబడి చూశాం. అది ఎంత మాత్రమూ వెండిలాగా లేదు. అప్పుడు పెద్దాయన 'రుద్ది చూడు' అన్న మాట గుర్తొచ్చి, చిటికెడు పొడి గాజుపలక మీద వేసి స్టీలు చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దాను. రుద్దిన మేర ఒక గీత తళుక్కుమంది.

అన్న వంగి, ఆ గీత దగ్గరగా మొహం పెట్టి చూశాడు. చాలాసేపు లేవలేదు.

"చందువ చేప కడుపు మాదిరి ఉండాదే!" అన్నాడు చివరికి. అన్న నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

ఆ ఉత్సాహంలోనే నేను ఒక తప్పు చేశాను. ఆ పొడిని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి మళ్లీ సిల్వర్ నైట్రేట్ చేయాలి. ఎర్రటి పొగలు లేస్తాయి కాబట్టి అంతా ఫ్యూమ్‌హుడ్‌లోనే చేశాం. పొగల సంగతి సరే. పుస్తకంలో రాసుకోవడానికి మాటిమాటికీ గ్లౌజులు తీస్తూ, మళ్లీ అవే తొడుక్కుంటూ పోయాను. వాటికి చిన్న చిన్న చిరుగులు పడ్డ సంగతి చూసుకోలేదు. సిల్వర్ నైట్రేట్ చర్మానికి అంటినప్పుడు ఏమీ కనపడదు. ఎండ తగిలాక బయటపడుతుంది. శనివారం సాయంత్రం తెల్లటి చేతులతో ఇంటికి వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి వేళ్లు పదీ నల్లగా, గోళ్లతో సహా.

"ఏందే ఇది, గోరింటాకు మాడిపోయిందా?" అంది మా అత్తమ్మ.

చింతపండు పెట్టి తోమింది, నిమ్మచెక్క పెట్టి రుద్దింది. చివరికి గిన్నెలు తోమే పీచు అందుకుంటే చేతులు వెనక్కి లాక్కున్నాను. చర్మం ఊడితే తప్ప మరక పోదని చెప్పాను. "పోనీలే, వారం రోజులు నువ్వు పిండి కలపబాక" అంది.

తెల్లారితే సోమవారం, ఎన్నికలు. మా ఆయన టీచరు, పోలింగ్ డ్యూటీ మీద వేరే మండలానికి పోయి ఉన్నాడు. నేనూ అత్తమ్మా పొద్దున్నే బడికి వెళ్లి వరసలో నిలబడ్డాం. అత్తమ్మ ఓటు వేసి, వేలు చూసుకుంటూ అవతల నిలబడింది. నా పేరు చదివారు. సిరా పెట్టే అతను "చెయ్యి చూపించండి" అన్నాడు. చూపించాను.

"ఓటు వేసేసినారు గదమ్మా?"

"లేదండీ. ఇవి ల్యాబ్‌లో అంటిన మరకలు."

"ఏం ల్యాబ్?"

"నీళ్లు కొలిచే ల్యాబ్."

"నీళ్లు కొలిస్తే వేళ్లు నల్లబడతాయా?"

న్యాయమైన ప్రశ్నే. శాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి శాస్త్రప్రకారం జవాబు చెబుదామనుకున్నాను. అదే నా పొరపాటు.

"మీ సీసాలో ఉన్న మందూ నా వేళ్లకు అంటిన మందూ ఒకటేనండీ. సిల్వర్ నైట్రేట్."

బల్ల వెనక కూర్చున్న పార్టీల ఏజెంట్లు ముగ్గురూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. ఆ ముగ్గురూ ఒక్కమాట మీద ఉండటం ఆ రోజు మొత్తానికి అదే మొదలు అయ్యుంటుంది.

"అంటే ఈ సిరా మీ దగ్గర ఉండాదా?"

"ఉంది. అంటే, లేదు. అయిపోయింది. ఇప్పుడు మళ్లీ తయారు చేస్తున్నాం."

ఈ మాట నా నోట్లోంచి ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అత్తమ్మ వెనక్కి వచ్చేసింది.

"మా కోడలు దొంగ ఓట్లేసేదా? రెండేళ్లుగా ఉప్పునీళ్లలో చేతులు పెట్టి పెట్టి ఇట్టా అయినాయి. కావాలంటే నా వంటగదికొచ్చి చూడండి, నిన్నంతా చింతపండు పెట్టి తోమినాను!"

"మీరు బయటికి పోవాలమ్మా. మీ ఓటు అయిపోయింది."

"నా ఓటు అయింది, నా నోరు కాలేదు గదా."

ఈ గొడవకి పక్క బల్ల దగ్గరున్న ప్రిసైడింగ్ అధికారిణి లేచి వచ్చింది. యాభై దాటిన మనిషి, కళ్లద్దాలు ముక్కు చివర. నా రెండు చేతులూ అందుకుని గాజులమ్మే మనిషిలాగా అటూ ఇటూ తిప్పి చూసింది. కార్డులో ఫోటో చూసింది, జాబితాలో నా పేరుకు ఎదురుగా ఇంకా గీత పడలేదని చూసింది.

"ఒక ఓటుకి ఒక వేలికే గదయ్యా సిరా పెడతాం. పది వేళ్లకీ పెట్టించుకుని వచ్చిన దొంగ ఓటరుని నా సర్వీసులో చూడలేదు" అంది ఏజెంట్ల వైపు తిరిగి. వాళ్లలో ఒకతను నవ్వాడు. మిగిలిన ఇద్దరూ నవ్వాలో వద్దో తేల్చుకోలేక కూర్చున్నారు. నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇంకో చిక్కు మిగిలింది. సిరా ఎక్కడ పెట్టాలి? ఎడమచేతి వేళ్లన్నీ వరసగా చూశారు. పదీ నల్లబడ్డాయని నేననుకున్నాను గాని, గాజుగొట్టం పట్టుకునేటప్పుడు చిటికెనవేలు పైకెత్తే అలవాటు నాకు. దాని మొదట్లో అరంగుళం చోటు తెల్లగా మిగిలి ఉంది. సిరా పెట్టే అతను అక్కడ జాగ్రత్తగా గీత గీశాడు.

మంగళవారం ఈ కథ చెబితే సార్ నవ్వలేదు. గోడ మీది కాగితంలో 'గ్లౌజులు' అన్న మాట కింద రెండు గీతలు గీసి, కొత్త గ్లౌజుల పెట్టె నా బల్ల మీద పెట్టారు. అన్న మాత్రం ఆ రోజంతా నన్ను చూసినప్పుడల్లా చెయ్యి చూపించమన్నాడు.

ఆ వారమే సిల్వర్ నైట్రేట్ గింజలు కట్టింది. గాజుగిన్నెలో తెల్లగా, పలకలు పలకలుగా. అది చేతిలో పడగానే ఆగలేకపోయాను. తూకం వేసి, నీళ్లలో కరిగించి, ఆ పొద్దున్నే తెచ్చిన సరస్సు నీళ్లను కొలిచేశాను. పన్నెండు సీసాల్లోనూ ఉప్పు ఎక్కువగా వచ్చింది. కొంచెం ఎక్కువ కాదు. నేను చేరినప్పటి నుంచీ రాసిన ఏ అంకె కన్నా ఎక్కువ.

సార్ మొహం వెలిగిపోయింది. అంకెలు రెండుసార్లు చూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, "సరస్సు ఎండిపోతోంది. సముద్రం కన్నా చిక్కబడింది. ఇది వెంటనే రాయాలి" అన్నారు. రాయడానికి ముందే హెడ్డాఫీసుకు ఫోన్ కూడా చేసేశారు. నాకు గర్వంగా ఉంది. నా చేతులతో తీసిన వెండితో దొరికిన సంగతి కదా.

అన్న ఒక్కడే తల అడ్డంగా ఊపాడు.

"లేదు మేడమ్మా. అంత ఉప్పు లేదు."

"నీకెట్లా తెలుసన్నా?"

"పడవలో చెయ్యి ముంచి నోట్లో పెట్టుకున్నాను గదా."

"ఎన్నిసార్లు చెప్పాను, నీళ్లు నోట్లో పెట్టుకోవద్దని!"

"నేను పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్లు నోట్లోనే ఉండాయి. సముద్రమంత ఉప్పు కూడా లేదు, దానికి ఒక పిసరు తక్కువే. సరస్సు సముద్రంలో కలిసే మొగ తెరుచుకునే ఉండాది, సముద్రం నీళ్లు వస్తానే ఉండాయి. ఇంక చిక్కబడేది ఎట్టా?"

నాలుక మాట సైన్సు కాదని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను. అన్న బయటికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అన్నం వేళకు ఆయన బండి కనపడలేదు. గంట తర్వాత వచ్చి, ఇసుక కాళ్లతో, నా బల్ల మీద ఒక సీసా పెట్టాడు.

"ఇది సముద్రం. ఇప్పుడే ముంచుకొచ్చినాను. కొలువు మేడమ్మా."

సముద్రంలో ఉప్పెంతుంటుందో పుస్తకాల్లో ఉంటుంది. మా ఒడ్డున కిలో నీళ్లకు ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదు గ్రాములు, అంతకు అటూ ఇటూ పెద్దగా పోదు. కొలిచాను. నలభై ఒకటి వచ్చింది. మళ్లీ కొలిచాను. మళ్లీ నలభై ఒకటే.

అన్న కిటికీ దగ్గర నిలబడి, బయటికి చూస్తూ, "సముద్రం కూడా తప్పు చెప్తాందేమో" అన్నాడు.

ఏం జరిగిందో ఒక్క క్షణంలో అర్థమైంది. గింజలు సరిగా ఆరలేదు. నేను వెండి అనుకుని తూచిన దాంట్లో కొంత తడి ఉంది. అంటే నా ద్రావణం నేను రాసుకున్నంత చిక్కన కాదు, పలచన. పలచన కాబట్టి ఎక్కువ పట్టింది, ఎక్కువ పట్టింది కాబట్టి ఉప్పు ఎక్కువున్నట్టు కనపడింది. కొత్త ద్రావణం చేసినప్పుడు ముందు తెలిసిన ఉప్పుతో సరిచూసుకోవాలి. ఇది కాలేజీలో మొదటి నెలలోనే చెప్పే పాఠం. కొన్న సీసాతో చేసినప్పుడల్లా ఆ పని తప్పకుండా చేసేదాన్ని. సొంతంగా చేసుకున్న దాన్ని మాత్రం, సొంతబిడ్డను పరీక్షించని తల్లిలాగా, నమ్మేశాను.

సార్ గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశారు. తర్వాత ఫోన్ అందుకున్నారు.

"నమస్కారమండీ. పొద్దున చెప్పిన అంకెల్లో పొరపాటుంది... లేదండీ, సరస్సుది కాదు, మాది."

ఎవరిది పొరపాటని అవతలి వాళ్లు అడిగినట్టున్నారు. సార్ నా వైపు చూడకుండానే, "ల్యాబ్‌ది. ల్యాబ్‌కి పెద్దని నేనే కదా" అన్నారు. ఆ రోజు నుంచీ ఆయన నన్ను ఎంత కోప్పడినా పడ్డాను.

ఉన్న ద్రావణాన్ని పారేయలేదు. శుభ్రమైన ఉప్పును పొయ్యిలో ఆరబెట్టి, తూచి, దాంతో ద్రావణం అసలు బలమెంతో తేల్చుకుని మళ్లీ లెక్క కట్టాను. సముద్రం ముప్ఫై నాలుగు పైచిలుకు దగ్గర నిలబడింది. సరస్సు దానికి ఒక పిసరు తక్కువ. పిసరు అన్న మాటను నేను రికార్డులో రాయలేదు గాని, అన్నకు చెప్పాను. క్షమించమని కూడా చెప్పాను.

"దానికేముండాది మేడమ్మా. నా నాలుక పన్నెండు సీసాలకి అంకెలు చెప్పలేదు గదా. అది నువ్వే చెప్పాల" అన్నాడు.

మిగిలిన గింజలను చీకట్లో, సన్నటి వేడి మీద రెండు రోజులు ఆరబెట్టి నల్లటి సీసాలో పోశాను. పదమూడు జాడీల వెండి ఆ ఎండాకాలాన్ని గట్టెక్కించింది. అప్పటి నుంచి కొలిచాక మిగిలిన మడ్డి ఎప్పటికప్పుడు ఒక బకెట్లో చేరుతోంది. రెండు నెలలకోసారి మళ్లీ గ్లూకోజు, మళ్లీ చెంచా. ప్రతిసారీ కొంత పోతుంది, ఎంత జాగ్రత్తగా ఉన్నా మొత్తం తిరిగి రాదు. అయినా ఆర్డరు సీసా కోసం ఎవరికీ ఫోన్ చేసి బతిమాలుకోవలసిన పని తగ్గింది.

వెండి సంగతి అలా తేలింది. పచ్చనీళ్ల క్యానులు మాత్రం వరండాలో మిగిలిపోయాయి. వెండిని అందరం ముద్దు చేస్తాం, విషాన్ని ఎవరు పట్టించుకుంటారు? అన్న పట్టించుకున్నాడు. రోజూ పొద్దున వచ్చి ముందు ఆ క్యానుల మూతలు తడిమి చూసి, తర్వాతే గది తాళం తీసేవాడు. వానాకాలం వస్తే వరండాలోకి నీళ్లెక్కుతాయని ఆయన భయం. ఎక్కితే అవి పోయేది వాళ్ల ఊరి ముందరికే.

సార్ పట్టుబట్టి, పెద్దాయనకు దొరకని ఆ రెండో ఫారం సంపాదించారు. ఎవరెవరికి ఎన్ని ఉత్తరాలు రాశారో నాకు తెలియదు. ఈలోగా మేము ఆ నీళ్లలో కలపవలసింది కలిపి, పసుపురంగు విరిగి ఆకుపచ్చగా తిరిగేదాకా చూసి, సున్నంతో అడుక్కి దించాం. అలా చేస్తే విషం తీవ్రత తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. అందుకే దాన్ని మామూలు చెత్తలో వేయకూడదు. ప్రమాదకరమైన వ్యర్థాలు తీసుకుపోయే లారీ రావాలి. వస్తుంది, వస్తుంది అంటూ చివరికి మొదటి వానలు మొదలైన రోజునే వచ్చింది.

డ్రైవరు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, క్యానులు ఎక్కించి, తాడు కట్టాడు. అన్న ఆ తాడు లాగి చూశాడు.

"యాడికి తీసకపోతావు?"

"చాలా దూరమన్నా. ఫ్యాక్టరీ ఉంది, అక్కడ చూసుకుంటారు."

"దారిలో యాడా కాలవలో ఒలకబోయవు గదా?"

డ్రైవరు కాగితం తీసి సీలు చూపించాడు. అన్న కాగితం వైపు చూడలేదు, డ్రైవరు మొహం చూశాడు. లారీ కదిలింది. అది మలుపు తిరగగానే అన్న తల మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని, బండి స్టార్టు చేసి, దాని వెనకాలే పోయాడు.

"ఎక్కడికి?" అని సార్ వరండాలోంచి అరిచారు. ఏరేటర్ల చప్పుడులో, వానలో, వినపడలేదో ఏమో.

మేమిద్దరం అన్నాలు తినకుండా కూర్చున్నాం. రెండు దాటాక బండి చప్పుడైంది. అన్న వరండాలో నిలబడి చొక్కా విప్పి పిండుకుంటున్నాడు. మోకాళ్లదాకా బురద.

"చిల్లకూరు దాకా పోయినాను సార్. హైవే ఎక్కేసింది. యాడా ఆగలా, టీ కూడా తాగలేదు పాపం ఆ డ్రైవరు, నేను వెనకాల ఉండాననేమో" అన్నాడు. చొక్కా తాడు మీద ఆరేసి, చేతులు కడుక్కుని, క్యారియర్ విప్పాడు.